మా రోజుల్లో చీటీ ఒకటే

ఇప్పటి జబ్బుమనుషుల చేతిలో చీటీలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గుండె డాక్టరు రాసింది ఒకటి, షుగరు డాక్టరుది ఒకటి, కిడ్నీ డాక్టరుది ఇంకొకటి, మోకాళ్ళ డాక్టరుది మరొకటి. నలుగురూ చదువుకున్నవాళ్ళే, నలుగురూ ఫీజు తీసుకున్నవాళ్ళే. ఆ నాలుగు చీటీల్నీ పక్కపక్కన పరిచి చదివినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. మోకాళ్ళకి రాసిన నొప్పి మాత్ర అటు కిడ్నీని పాడుచేస్తుంది, ఇటు బీపీని పెంచుతుంది. బీపీ పెరిగిందని గుండె డాక్టరు ఇంకో మాత్ర కలుపుతాడు. ఇదేం వైద్యం బాబూ అని అడిగితే, ఎవరి డిపార్టుమెంటు వాళ్ళదండీ అంటారు.

నేను బిలాస్‌పూర్ రైల్వేలో కాంపౌండరుగా చేరి, ఫార్మసిస్టుగా రిటైరైనవాణ్ణి. మధ్యలో మారింది పేరే, పని కాదు. మందుల గది కిటికీ వెనక నిలబడి, ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బో, దాని వెనకాల ఏ జబ్బు వచ్చిందో ఉద్యోగమంతా చూశాను. అందుకే ఈ గొణుగుడు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. నాగపూర్ నుంచి తూర్పుకి పట్టాలు వేసుకుంటూ 1891 నాటికి ఆసన్‌సోల్‌తో కలిపేసింది. ఆ దారిలో బిలాస్‌పూర్ పెద్ద జంక్షనైంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్ళు గ్యాంగు పనికీ, లోకోషెడ్డులో బొగ్గు పనికీ వరసగా వచ్చి దిగారు. మా తాత సోంపేట దగ్గరి పల్లె నుంచి అలాగే వచ్చాడు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ సంగతి లోకానికి తెలుసు. బిలాస్‌పూర్ బారాఖోలీలో, తోర్వాలో, తార్‌బహార్‌లో ఉన్న మా సంగతి అంతగా తెలీదు.

తాత నోట 1918 మాట తరచూ వచ్చేది. ఆ ఏడు వానలు పడలేదు. గింజల ధర కొండెక్కి కూర్చుంది. తినీ తినక జనం డొక్కలెండి ఉన్న సమయంలో ఇన్‌ఫ్లూయెంజా రైలెక్కి వచ్చింది. బిలాస్‌పూర్ అప్పట్లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. దేశంలో ఎక్కువమంది పోయిన ప్రాంతాల్లో అదొకటి. జ్వరం కాస్త తగ్గింది, గండం గడిచింది అనుకునేసరికి నెమ్ము చేసి మనిషి పోయేవాడట. తాత చెప్పిన ఆ మాటకి అర్థం నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వైరస్ ఊపిరితిత్తుల లోపలి పొరని గీరి పుండు చేస్తే, గొంతులో అప్పటిదాకా ఊరికే పడి ఉన్న బాక్టీరియా అక్కడికి దిగి నిమోనియా తెచ్చింది. 1918లో పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆ రెండో దెబ్బకే పోయారని డాక్టర్లు పాత నమూనాలు తీసి మళ్ళీ పరీక్షించి చెప్పారు. ఆకలి, వైరస్, బాక్టీరియా. ముగ్గురూ కలిసి చేసిన పని అది. మునిసిపాలిటీ లెక్కలో మాత్రం ‘జ్వరం’ అని ఒక్క మాట రాసి ఉంటారు.

పుస్తకాల్లో జబ్బుల్ని గదులుగా విడదీస్తారు. అంటేవి ఒక గదిలో, అంటనివి ఒక గదిలో, పుట్టుకతో వచ్చేవి ఒకచోట, తిండి లోపంతో వచ్చేవి ఇంకోచోట. చదువుకోడానికి అది బాగానే ఉంటుంది. ఒంట్లో ఆ గోడలు లేవు.

మా రోజుల్లో హెల్త్ యూనిట్‌కి ఒక్కడే డాక్టరు. కలకత్తాలో చదివిన బెంగాలీ ఆయన. ఆయన దగ్గర ఉన్న మందులెన్ని? క్లోరోక్విన్, సల్ఫా, పెన్సిలిన్, ఇనుము మాత్రలు, కడుపుకో మిక్స్చరు, దగ్గుకో మిక్స్చరు. సీసా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. కాగితం పట్టీని పళ్ళు పళ్ళుగా కత్తిరించి సీసాకి అంటిస్తే ఒక్కో గాటు ఒక్కో మోతాదు. ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. కానీ ఆయన మనిషిని చూసే తీరు వేరు. కనురెప్ప కిందికి లాగి రక్తం ఉందో లేదో చూసేవాడు. నాలుక చాపమనేవాడు. ఎడమ డొక్క కింద చెయ్యిపెట్టి బల్ల పెరిగిందేమో తడిమేవాడు. తర్వాత తూకం మీద నిలబెట్టేవాడు. అప్పుడు గానీ, ఏం బాధ అని అడిగేవాడు కాదు.

మెడికల్ కార్డు ఇంటికంతటికీ ఒకటి. అందులో తల్లి, తండ్రి, భార్య, పిల్లలు, అందరి పేర్లూ ఒకే పేజీలో ఉండేవి. ఖలాసీ దగ్గుతో వస్తే ఆయన కార్డులో కిందికి చూసి, మీ ఆవిడ బరువు కిందటి నెల తగ్గిందిగా, ఆమెని కూడా తీసుకురా అనేవాడు. ఇప్పుడు ఎవరి ప్లాస్టిక్ కార్డు వాళ్ళది. ఎవరి నంబరు వాళ్ళది. కంప్యూటరులో అన్నీ ఉన్నాయంటారు. ఉన్నవాటిని కలిపి చూసే కన్ను ఉండాలి కదా.

కట్నీ లైనులో ఖోంగ్‌సరా, భన్వార్‌టోంక్ వైపు అడవిలో పనిచేసే గ్యాంగువాళ్ళంటే మా డాక్టరుకి ప్రత్యేకమైన బెంగ. అటు పోయినవాడు చలిజ్వరం తెచ్చుకోకుండా రావడం అరుదు. డీడీటీ పుణ్యమా అని దేశంలో మలేరియా కేసులు 1961కి యాభైవేల లోపుకి దిగాయి. తర్వాత అందరూ చేతులు దులుపుకున్నారు. 1976లో 64 లక్షలకి పైగా లెక్క తేలింది. ఆ రోజులు నా ఉద్యోగపు తొలి రోజులు. క్లోరోక్విన్ డబ్బాలు తెరిచినవి తెరిచినట్టే అయిపోయేవి. జ్వరం తగ్గినా కొందరు పైకి లేచేవారు కాదు. చెప్పుల్లేని కాళ్ళకి మట్టిలోంచి కొంకిపురుగు ఎక్కి రక్తం తాగేస్తూ ఉంటే, మిగిలిన రక్తాన్ని మలేరియా విరిచేసేది. క్లోరోక్విన్ ఇచ్చి పంపితే సగం వైద్యమే. మా డాక్టరు నులిపురుగుల మందు, ఇనుము మాత్రలు కూడా అదే చీటీ మీద రాసి, మొదటి మాత్ర నా ఎదటే మింగించేవాడు.

ఈ ప్రాంతానిదే ఇంకో సంగతి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఇక్కడివాళ్ళు సిక్లిన్ అంటారు. దాదాపు పదిమందిలో ఒకరు ఆ లక్షణాన్ని మోస్తుంటారు. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కరి నుంచే వస్తే మనిషి మామూలుగానే బతుకుతాడు. పైగా ఆ లక్షణం ప్రాణం తీసే మలేరియా నుంచి కాపు కాస్తుంది. ఈ సంగతి 1954లో ఆంథొనీ అల్లిసన్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలో తేల్చాడు. మలేరియా తరతరాలుగా ఉన్న అడవి సీమల్లోనే సికిల్ ఎందుకు పాతుకుపోయిందో దాంతో అర్థమైంది. అదే ఇద్దరి నుంచీ వచ్చినవాడికి కథ తిరగబడుతుంది. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. అలాంటి బిడ్డకి మలేరియా వస్తే కాపు కాయడం మాట అటుంచి, ప్రాణం మీదికే వస్తుంది. ఒకే జన్యువు ఒక ఒంట్లో రక్ష, ఇంకో ఒంట్లో శిక్ష. చలికాలం రాత్రి ఎముకలు పట్టేసి ఏడ్చే పిల్లల్ని వాతం అనుకుని నూనె రాసి పడుకోబెట్టిన తల్లుల్ని నేనెరుగుదును. ఆ రోజుల్లో పరీక్ష ఎక్కడుంది?

ఇప్పుడుంది. 2023 జూలై 1న ప్రధానమంత్రి షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు. షహడోల్ మా కట్నీ లైను మీది స్టేషనే. ఇది మంచి పని, మనసారా ఒప్పుకుంటాను. ఆ పిల్లలు రోజూ వేసుకునే ఫోలిక్ యాసిడ్ మాత్ర చూసినప్పుడల్లా నాకు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తుకొస్తారు. ఆయన అన్నదమ్ములిద్దరు సంగ్రహణితో కొద్ది రోజుల తేడాలో పోయారు. అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన బృందమే ఆ విటమిన్‌ని తయారుచేసి ప్రపంచానికి ఇచ్చింది. మా శ్రీకాకుళం వాళ్ళకి బోదకాలు కోసం ఇచ్చే హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాల నుంచి వచ్చిందే. కిటికీ అవతల వరసలో నిలబడ్డ తెలుగువాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఇది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

క్షయ సంగతికొస్తాను. ఇక్కడే నా కోపం ఎక్కువ.

పాతకాలంలో ఛాతీజబ్బు మనుషుల్ని గాలి మార్పుకని మా స్టేషను మీదుగా పెండ్రారోడ్ తీసుకెళ్ళేవారు. అక్కడ శానిటోరియం ఉండేది. రవీంద్రుడు 1918లో ‘పలాతక’ సంపుటిలో అచ్చువేసిన ‘ఫాంకీ’ కవితలో జబ్బుపడ్డ భార్యని తీసుకుని గాలి మార్పుకి బయల్దేరిన భర్త రైలు మారడానికి దిగేది మా బిలాస్‌పూర్‌లోనే. ఆ కవితని స్టేషనులో పెట్టారు కూడా. మనవైపు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉండేది. మందు లేని ఆ కాలంలో శానిటోరియం ఇచ్చిందేమిటి? గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు, మాంసం. తర్వాత స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, మాత్రలు వచ్చాయి. 1950ల చివర్లో మద్రాసులో చేసిన పరీక్షలో ఇంటి దగ్గర ఉండి మందులు తిన్నవాళ్ళకీ, శానిటోరియంలో ఉన్నవాళ్ళకీ ఒకేలా నయమైందని తేలింది. ప్రపంచమంతా శానిటోరియాలకి తాళాలు వేసింది. మంచిదే, పేదవాడు ఇల్లు వదలక్కర్లేకపోయింది. కానీ ఆ తాళంతోపాటే తిండి మాట కూడా మూసేశారు. మాత్ర పడితే చాలు అన్నారు.

ఆకలి ఎక్కడికి పోతుంది? మా ఊరికి దగ్గర్లో గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన డాక్టర్లు కొందరు పెద్ద ఉద్యోగాలు వదులుకుని పల్లెజనం కోసం పెట్టింది. అక్కడికి వచ్చిన క్షయ రోగుల తూకాలు 2013లో అచ్చయ్యాయి. మగవాళ్ళలో నడిమి బరువు 42 కిలోలు. ఆడవాళ్ళలో 34. పెళ్ళీడు దాటిన ఆడమనిషి 34 కిలోలు! ఆ అంకె చదివిన రోజు నేను అన్నం ముందు కూర్చుని తినలేకపోయాను. ఒంట్లో కండ లేనప్పుడు క్షయ పురుగు నిద్ర లేస్తుంది. లేచాక ఆకలిని చంపేస్తుంది, ఉన్న కండ కరిగిస్తుంది. పని పోతుంది, కూలి పోతుంది, ఇంటిల్లిపాదికీ తిండి తగ్గుతుంది. తర్వాత ఆ ఇంట్లోనే ఇంకొకరు దగ్గడం మొదలుపెడతారు.

ఇది ముసలాడి చాదస్తం అనుకునేవాళ్ళకి 2023లో జవాబు వచ్చింది. పక్కనున్న ఝార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో క్షయ రోగుల ఇళ్ళకి బియ్యం, పప్పులు ఇచ్చి చూశారు. ఇంట్లో మిగతావాళ్ళకి కూడా తిండి ఇచ్చిన చోట కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. రోగి మొదటి రెండు నెలల్లో అయిదు శాతం బరువు పెరిగితే చావు భయం సగానికి పైగా తగ్గింది. మా బెంగాలీ డాక్టరు ఇది పరీక్ష చెయ్యకుండానే చేసేవాడు. క్షయ మనిషి చీటీ మీద మందుల కింద పాలు, గుడ్లు అని రాసి, ప్రతి నెలా తూకం చూసి, పెరగకపోతే పాలు ఎవరు తాగుతున్నారని ఇంటికొచ్చి అడిగేవాడు. సర్కారు ఇప్పుడు క్షయ రోగి ఖాతాలో నెలకి వెయ్యి రూపాయలు వేస్తోంది. 2018లో మొదలైనప్పుడు అది అయిదువందలు. ఇంట్లో అయిదుగురుంటే ఆ వెయ్యి ఎన్నాళ్ళొస్తుందో మార్కెట్‌కి వెళ్ళి కూర కొన్నవాళ్ళకి తెలుసు.

ఇక ఇప్పటి జంట షుగరూ, క్షయా. మా రోజుల్లో షుగరంటే ఆఫీసర్ల బంగళాల జబ్బు. ఇప్పుడు ట్రాక్‌మన్‌కీ ఉంది, కూరలమ్మే ఆవిడకీ ఉంది. దేశంలో పదికోట్ల మందికి పైగా ఉన్నారని 2023 లెక్క. షుగరున్నవాడికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. క్షయ వస్తే ఆ జ్వరానికి షుగరు పైకి ఎగబాకుతుంది. అంతటితో అయిపోలేదు. క్షయకిచ్చే రిఫాంపిసిన్ కొన్ని షుగరు మాత్రల్ని ఒంట్లోంచి తొందరగా తోసేస్తుంది. పాత మోతాదు చాలదు. ఇది మందులిచ్చే కిటికీలో నిలబడ్డవాడికి తెలియాలి, రాసేవాడికి అంతకన్నా ముందు తెలియాలి. క్షయ రోగి ప్రతి ఒక్కడికీ షుగరు చూడాలని 2017లో కేంద్రం చెప్పింది. షుగరు క్లినిక్కులో కూర్చున్నవాణ్ణి, నీకు రెండు వారాలుగా దగ్గుందా అని అడిగేవాళ్ళెందరు? నేను వెళ్ళిన ఒక పెద్ద ఆసుపత్రిలో నన్ను ఎవరూ అడగలేదు. నాకు దగ్గు లేదనుకోండి. అడగాలి కదా.

మా రోజులన్నీ బంగారం అని నేననను. అమ్మవారి భయం మనవాళ్ళతోపాటే ఇక్కడికి వచ్చింది. టీకాల పుణ్యమా అని 1975లో మన దేశంలో చివరి మశూచి కేసుతో ఆ పీడ పోయింది. అంతకన్నా గొప్ప పని నా జీవితకాలంలో ఇంకోటి జరగలేదు. అప్పటి మందుల్లో చెడ్డవీ ఉన్నాయి. ఒంటినొప్పులకి అందరూ అడిగి మరీ పట్టుకెళ్ళే ఏపీసీ మాత్రలో ఫెనాసిటిన్ ఉండేది. ఏళ్ళతరబడి తింటే అది కిడ్నీని తినేస్తుందని వైద్యలోకం తర్వాత కనుక్కుని, దాన్ని మానిపించింది. నా బాధ అది కాదు. ఇంత తెలిశాక కూడా ఇప్పుడు నొప్పి మాత్రలు కిరాణా కొట్లో దొరుకుతున్నాయి.

మాకు ఇది ఊరికే వచ్చే భయం కాదు. మా చుట్టాలు ఉద్దానంలో ఉన్నారు. సోంపేట, కవిటి, కంచిలి, మందస, పలాస. కొబ్బరి తోటల మధ్య ఊళ్ళకి ఊళ్ళు కిడ్నీ జబ్బుతో నీరసపడిపోతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మా ఛత్తీస్‌గఢ్‌లో గరియాబంద్ జిల్లా సుపేబేడా పల్లెదీ అదే కథ. అలాంటి నేల నుంచి వచ్చినవాడు, బీపీ ఉన్నవాడు, ఎండలో పట్టాల మీద నీళ్ళు సరిగా తాగకుండా పనిచేసినవాడు, సాయంత్రం నడుంనొప్పికి రెండు మాత్రలు వేసుకుంటే ఏమవుతుంది? వీటిలో ఏ ఒక్కదాన్నైనా కిడ్నీ తట్టుకుంటుందేమో, నాలుగూ కలిస్తే తట్టుకోదు. అందుకే మా అక్కకొడుకు ఫోను చేసి, మావయ్యా, నడుం లాగుతోంది ఏ మాత్ర వేసుకోమంటావు అంటే, ముందు నీళ్ళు తాగి, క్రియాటినిన్ చూపించుకుని, అప్పుడు మాట్లాడు నాయనా అంటాను. వాడికి కోపం. నొప్పికి మాత్ర అడిగితే రక్తపరీక్ష చెబుతావేంటి అంటాడు.

ముసలమ్మల మాటలు మాత్రం ఈ కాలం పిల్లలు పూర్తిగా పక్కన పెట్టేశారు. తట్టు పోసి తగ్గిన బిడ్డని మా అమ్మమ్మ నెలలపాటు నలుగురిలోకి పంపేది కాదు. పచ్చి ఒళ్ళు, ఏది తగిలినా అంటుకుంటుంది అనేది. నిజంగానే ఆ తర్వాత విరేచనాలో, నెమ్మో పట్టి పిల్లలు పోయేవారు, కొందరికి చూపు పోయేది. 2019లో శాస్త్రజ్ఞులు టీకా వేయించుకోని పిల్లల రక్తం తట్టుకి ముందూ తర్వాతా పరీక్షించారు. అంతకుముందు వచ్చిన జబ్బుల మీద ఒంట్లో ఉన్న యాంటీబాడీలు 11 నుంచి 73 శాతం దాకా చెరిగిపోయాయట. అమ్మమ్మకి యాంటీబాడీ అంటే తెలీదు. తట్టు ఒక్కతే రాదనీ, వెనకాల ఇంకోదానికి తలుపు తీసి పోతుందనీ తెలుసు. ఇప్పుడు తట్టుకి టీకా ఉంది. ఉండీ వేయించని తల్లిదండ్రుల్ని చూస్తే నాకు నోటమాట రాదు.

2021లో ఏం జరిగిందో మళ్ళీ చెప్పక్కర్లేదు. కోవిడ్‌కి స్టెరాయిడ్ ఇచ్చారు. అవసరమైనవాళ్ళకి అది ప్రాణం నిలిపింది. అవసరం లేనివాళ్ళు కూడా వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి కొనుక్కున్నారు. దాంతో షుగరు ఆకాశానికి పోయింది, ఆ షుగరులో బ్లాక్ ఫంగస్ పెరిగింది. కన్ను తీసేయాల్సి వచ్చినవాళ్ళున్నారు. వైరస్, షుగరు, స్టెరాయిడ్, బూజు. కోవిడ్ తగ్గింది పొమ్మన్నాక, ఇంటి దగ్గర షుగరు ఎవరు చూస్తున్నారని ఒక్కరు అడిగి ఉంటే కొన్ని కళ్ళు మిగిలేవి.

మా తెలుగు సమాజం కుర్రాళ్ళు ఉగాదికి మెడికల్ క్యాంపు పెడతారు. కష్టపడతారు, కాదనను. బీపీ చూస్తారు, వేలికి గుచ్చి షుగరు చూస్తారు, ఫోటో తీస్తారు. తూకం ఉండదు. దగ్గు గురించి ప్రశ్న ఉండదు. ఏమేం మందులు వాడుతున్నారో రాసుకోరు. మొన్న వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాను. నాయనలారా, మనిషికో అరఠావు కాగితం తీసుకోండి. బరువు రాయండి, కిందటేడు ఎంత ఉందో అడిగి పక్కన రాయండి. రెండు వారాల దగ్గుందా? ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా? ఉద్దానంలో రక్తసంబంధీకులున్నారా? పెళ్ళికావాల్సిన పిల్లలకి సికిల్ పరీక్ష చేయించారా? నొప్పి మాత్ర వారానికెన్ని? అన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. ఆ కాగితాన్ని వాళ్ళు వెళ్ళే ప్రతి డాక్టరు ముందూ పెట్టాలి. ఒక పిల్లాడు, తాతగారూ, దీనికి యాప్ చేస్తాం అన్నాడు. చెయ్యి, కానీ ముందు కాగితం ఇవ్వు, మీ నాయనమ్మకి యాప్ రాదు అన్నాను. సరేనన్నారు.

ఈసారి క్యాంపుకి తూకం నేనే తెస్తున్నాను. రాసుకోడానికి ఒక బల్ల, నాకొక కుర్చీ వాళ్ళు ఇస్తారు. వచ్చేవాళ్ళు ఇంట్లో వాడే ప్రతి మందూ తీసుకురావాలి, ఊరి నుంచి తెచ్చుకున్న పసరు మందులూ, పిల్లలకి తెలీకుండా తలగడ కింద దాచుకున్న నొప్పి మాత్రలతో సహా.